ఒంటె పాలు పిండేదెవరు?

తుఫూల్‌కు కోపం ముక్కు మీదే ఉండేది. అది పుట్టుకతో వచ్చిందని ఆవిడ అన్న బఖీత్ అనేవాడు. కాదు, నీతో వేగలేక వచ్చిందని ఆవిడ అనేది. ఇలా ఒకరినొకరు దెప్పుకుంటూనే అన్నాచెల్లెళ్ళిద్దరూ ముసలివాళ్ళయ్యారు. ఆవిడ భర్త పెళ్ళయిన నాలుగో ఏటే పోయాడు, పిల్లల్లేరు. బఖీత్ భార్య, తమ కొడుకు ముసల్లంను పెంచి పెద్దవాణ్ణి చేసి తానూ పోయింది. చివరికి ఎడారిలో ఒక ఎండు వాగు పక్కన, తుమ్మచెట్ల నీడన మిగిలింది వీళ్ళిద్దరూ, పద్దెనిమిది మేకలూ, హమ్రా అనే ఎర్ర ఒంటె.

మేకలు ఆవిడ పని, ఒంటె ఆయన పని. మా వాళ్ళలో ఒంటె పొదుగు మీద ఆడదాని చేయి పడకూడదు. ఎందుకని నన్నడగకండి. మా తాతను అడిగితే వాళ్ళ తాతను అడగమన్నాడు. ఆడవాళ్ళు ఒంటెను మేపవచ్చు, బావి నుంచి నీళ్ళు తోడి దాని కడుపు నింపవచ్చు, గజ్జి పడితే మందు పూయవచ్చు, ఈనేటప్పుడు పక్కనే కూర్చుని దూడ కాళ్ళు పట్టి లాగవచ్చు. పాలు మాత్రం మగవాడే పిండాలి. బఖీత్ రోజూ రెండు పూటలా ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి మోకాలి మీద గిన్నె ఆనించి నురగ పొంగేలా పిండేవాడు. ఆ పచ్చిపాలే ఇద్దరికీ సగం తిండి. వానలు లేని ఏడు అదే మొత్తం తిండి.

ఆ బఖీత్ చలికాలం చివర ఒకరోజు పొద్దున నమాజుకు కూర్చున్న చాప మీదే ఒరిగిపోయాడు. తుఫూల్ ఏడవలేదు, తిట్టింది. చెప్పకుండా పోతావా అని తిట్టింది, నన్నొదిలి ముందు పోతావా అని తిట్టింది. పాతిపెట్టి వచ్చాక కూడా మూడు రోజులు తిడుతూనే ఉంది. నాలుగో రోజున తిట్టడానికి ఎవరూ లేరని అర్థమై గుడారంలో ముసుగు తన్ని పడుకుంది.

ముసల్లం చమురు బావుల దగ్గర నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. పది రోజులకోసారి తన సొంత బండిలో పిండి, బియ్యం, ఖర్జూరాలు, టీ పొడి, డబ్బా పాలు, ఎండు సొరచేప వేసుకుని వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ అదే పాట.

"అత్తా, మా ఇంటికి వచ్చెయ్. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. ఫ్యాను ఉంది. పిల్లలున్నారు."

"మీ ఇంట్లో గోడలున్నాయి కదరా. నాకు ఊపిరాడదు."

"ఒక్కదానివి ఇక్కడ ఏం చేస్తావు?"

"ఇన్నాళ్ళూ ఏం చేశానో అదే."

వాడు వచ్చిన రోజు హమ్రా పాలు పిండేవాడు, ఆ పూట తుఫూల్‌కు గిన్నెడు పాలు. మిగిలిన తొమ్మిది రోజులూ పాలన్నీ దూడవే. గంట నడిస్తే మగవాళ్ళున్న గుడారాలు ఉన్నాయి. ఒక్క మాట చెప్తే ఎవరో ఒకరు వచ్చి పిండిపెట్టేవారు. ఆ ఒక్క మాట తుఫూల్ నోట రాలేదు. ఇల్లిల్లూ తిరిగి అడుక్కునే రకం కాదని ఆవిడ గొప్ప. మేకల పాలతో రెండు నెలలు నెట్టుకొచ్చింది. వాన పడలేదు. ఎండలు ముదరకముందే మేకలు ఒట్టిపోయాయి. ఇక అప్పటి నుంచి డబ్బా పాలతో టీ, రొట్టె, ఖర్జూరం. కొన్నిసార్లు ఎండుచేప వేసి వండిన అన్నం.

మొదట కాళ్ళు బరువెక్కాయి. అన్న మీది దుఃఖం కాళ్ళలోకి దిగిందనుకుంది. తర్వాత చిగుళ్ళు ఉబ్బి రొట్టె కొరికితే రొట్టెకు రక్తం అంటసాగింది. వయసనుకుంది. దెబ్బ తగలకుండానే మోకాళ్ళ వెనక నేరేడుపండు రంగు మచ్చలు తేలాయి. మేకలు తోసి ఉంటాయనుకుంది. దేనికైనా ఒక సాకు దొరికేది ఆవిడకు. ఎడమ ముంజేతి విషయంలో మాత్రం ఏ సాకూ దొరకలేదు.

ఆ చేతి మీద జానెడు పొడుగు తెల్లటి మచ్చ ఒకటుంది. తొమ్మిదేళ్ళప్పుడు బఖీత్ ఆటలో తోస్తే చెకుముకి రాయి మీద పడి కోసుకుపోయింది. వాళ్ళమ్మ తుమ్మముల్లుతో, మేకవెంట్రుకల దారంతో కుట్టింది. పది రోజుల్లో మానింది, ఆ తర్వాత ఆ చేత్తో యాభై ఏళ్ళకు పైగా బావి నీళ్ళు తోడింది. ఇప్పుడా మచ్చ మొదట ఎర్రబడింది, తర్వాత మెత్తబడింది. ఒక ఉదయం లేచి చూసేసరికి అంచులు విడిపోయి, నిన్నో మొన్నో తగిలిన గాయంలా నోరు తెరుచుకుని ఉంది.

అప్పుడు తోసినవాడే అవతలి లోకం నుంచి చెయ్యి పట్టి లాగుతున్నాడనిపించింది. అన్న పిలుస్తున్నందుకు ఆవిడకు సంతోషం కలగలేదు, నిజం చెప్పాలి. భయం వేసింది. ఇంకా బతకాలనుంది ఆవిడకు. ఇక్కడే, ఈ వాగు పక్కనే.

పదో రోజున వచ్చిన ముసల్లం ఆ చేతినీ, ఆ చిగుళ్ళనూ చూసి చేతిలోని పిండి సంచి కింద పెట్టేశాడు. రెండేళ్ళ కింద వాళ్ళ బంధువుల పిల్లకు ఇలాగే చిగుళ్ళ రక్తం, ఇలాగే ఒంటి మీద మచ్చలు. రక్తపు క్యాన్సరన్నారు. రాజధానికి విమానంలో తీసుకెళ్ళారు, తిరిగి తేలేదు. ముసల్లం ఆ పేరు పైకి అనలేదు. అనకపోయినా తుఫూల్‌కు తెలిసిపోయింది, ఎందుకంటే వాడు ఆ రోజు ఆవిడతో వాదించలేదు.

ఆసుపత్రికి బయలుదేరే ముందు చుట్టుపక్కల గుడారాల వాళ్ళు వచ్చారు. తిరిగి వస్తామో రామో తెలియని ప్రయాణానికి ముందు మా వాళ్ళు ఒకరినొకరు క్షమించమని అడుగుతారు. పక్క లోయలో ఉండే షమ్సా తుఫూల్ ఈడుదే. వచ్చి కళ్ళొత్తుకుంటూ కూర్చుంది.

"ముప్ఫై ఏళ్ళ కింద నీ నల్లమేక పోయింది చూడు, తోడేలు ఎత్తుకుపోయిందని నేను చెప్పలేదూ? తోడేలు కాదు తుఫూల్. మేమే."

"తెలుసు. గాలి ఇటే వీచింది, కూర వాసనొచ్చింది."

"అయ్యో! తెలిసీ అన్నేళ్ళు నాతో కాఫీ తాగావా?"

"నీ కాఫీ బాగుంటుంది కదా. పోనీలే, క్షమించాను. ఏడవకు, ముక్కు కారుతోంది."

రోడ్డు మీది ఊళ్ళో ఉన్న ఆ ఆసుపత్రి చిన్నది. ఆడవాళ్ళ గదిలో నాలుగు ఇనుప మంచాలు. డాక్టరు పేరు ఇఖ్లాస్, సూడాన్ నుంచి వచ్చిన నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. చిగుళ్ళు చూసింది, కాళ్ళు చూసింది, రక్తం తీసి పరీక్షకిచ్చింది. తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కుని అడిగింది.

"రోజూ ఏం తింటావమ్మా?"

ఇక్కడే తుఫూల్ కొంప ముంచుకుంది. మా వాళ్ళను జబ్బు గురించి అడగండి, చెప్తారు. తిండి గురించి అడిగితే మాత్రం పరువు అడ్డం పడుతుంది. గుడారంలో పాలు లేవని చెప్పడమంటే, వచ్చిన అతిథికి ఇవ్వడానికి ఏమీ లేదని ఊరికి చాటడమే.

"ఏం తినను? మాంసం, అన్నం, పాలు. పాలకేం లోటు? ఈనిన ఎర్ర ఒంటె ఉంది గుమ్మంలో," అంది తల ఎత్తి.

"రోజూ తాగుతావా?"

"రెండు పూటలా. కడుపు నిండా."

తలుపు దగ్గర నిలబడ్డ ముసల్లం నేల చూపులు చూశాడు. అత్త పరువు తనదీ కదా, వాడూ నోరు మెదపలేదు. డాక్టరు అంతా రాసుకుంది. తిండిలో లోపం లేదు, మచ్చలున్నాయి, రక్తస్రావం ఉంది. ఎల్లుండి విమానంలో రాజధానికి పంపాలని తేల్చింది.

సాయంత్రం కట్టు మార్చడానికి డాక్టరు వచ్చినప్పుడు తుఫూల్ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, నేను పోతానని తెలిస్తే చెప్పెయ్. విమానం వద్దు. నన్ను మా తుమ్మచెట్టు కింద పడేస్తే చాలు. ఇంకెక్కడో గోడల మధ్య, మా వాళ్ళ మాట వినబడని చోట పోవాలంటే నాకు భయంగా ఉంది."

భయమన్న మాట ఆ ముసలావిడ నోటి నుంచి అంతకుముందు ఎవరూ విని ఉండరు. డాక్టరు కట్టు విప్పడం ఆపి మంచం అంచున కూర్చుంది. గాయం వైపు చాలాసేపు చూసింది.

"ఇది ఎప్పటిది?"

"నాకు తొమ్మిదేళ్ళప్పటిది."

"యాభై ఏళ్ళ నాటి గాయం ఇప్పుడు ఊడిందా?" అని డాక్టరు తనలో తానే అనుకుంది. తర్వాత ఉన్నట్టుండి అడిగింది. "ఆ ఒంటె పాలు పిండేదెవరమ్మా?"

తుఫూల్ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"మా అమ్మమ్మ వాళ్ళది ఎర్ర సముద్రం పక్కన కొండలు. అక్కడా ఆడవాళ్ళు ఒంటెను పిండరు," అంది డాక్టరు. "మీ అన్న పోయి ఎనిమిది నెలలైందని మేనల్లుడు చెప్పాడు. అతనేమో బావుల దగ్గర పనిలో ఉంటాడు. మరి రెండు పూటలా కడుపు నిండా తాగే పాలు ఎవరు పిండుతున్నారు?"

తుఫూల్ కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా రాలాయి. అన్న పోయినప్పుడు రాని కన్నీళ్ళు ఒక అబద్ధం బయటపడ్డాక వచ్చాయి.

"లేవు," అంది. "పాలు లేవు. టీ తాగుతున్నా. రొట్టె తింటున్నా. ఎవరికీ చెప్పకు."

డాక్టరు మొహం వెలిగిపోయింది. తుఫూల్‌కు ఒళ్ళు మండింది. "నా గుడారంలో పాలు లేవంటే నీకు నవ్వొస్తోందా?"

"నవ్వే మరి! నేను అడిగినప్పుడే ఈ మాట చెప్పి ఉంటే నేను విమానం మాట ఎత్తేదాన్ని కాదు. పళ్ళు, కూరలు తింటావా?"

"ఆకులు మేకలు తింటాయి. అన్నంలో ఎండు నిమ్మకాయ వేస్తా."

"అది ఎండి నల్లబడింది, పైగా గంటసేపు ఉడికింది. అందులో పులుపు ఉంటుంది గానీ మనక్కావలసింది ఉండదు." డాక్టరు ఆవిడ ముంజేయి తన ఒళ్ళో పెట్టుకుంది. "విను. గాయం ఒకసారి మానితే ఇక అయిపోయిందనుకుంటాం. కాదు. లోపల ఒళ్ళు దాన్ని రోజూ కొద్దికొద్దిగా విప్పి మళ్ళీ కుడుతూనే ఉంటుంది. చర్మం, చిగుళ్ళు, రక్తం పారే సన్న గొట్టాలు, అన్నిటికీ అదే కుట్టు. ఆ దారం గట్టిపడాలంటే సి విటమిన్ కావాలి. అది లేకపోతే ఊడదీయడం సాగుతుంది, కుట్టడం ఆగుతుంది. చిగుళ్ళు వదులవుతాయి, గొట్టాలు చిట్లి మచ్చలు పడతాయి, యాభై ఏళ్ళ నాటి గాయం మళ్ళీ తెరుచుకుంటుంది."

"అయితే మా అన్న లాగడం లేదా?"

"ఎవరూ లాగడం లేదమ్మా."

"మరి నా మేకలూ ఎండుగడ్డే తింటున్నాయి. వాటి చిగుళ్ళు బానే ఉన్నాయే?"

"మేకలు దాన్ని తమ కాలేయంలోనే తయారు చేసుకుంటాయి. ఒంటె కూడా అంతే. మనిషికి ఆ విద్య లేదు, తిండిలోంచే రావాలి. చెట్టూచేమా లేనిచోట మీవాళ్ళంతా ఇన్ని తరాలు ఎలా బతికారనుకున్నావు? ఒంటె తన ఒంట్లో వండుకున్నది పాలలో కలిపి మీకిచ్చింది. పచ్చిగా తాగారు కాబట్టి మీకందింది. డాక్టరుగా నేను పాలు కాచి తాగమనే చెప్పాలి, పచ్చివి తాగితే జ్వరాలొస్తాయి. కానీ కాస్తే ఇది చాలావరకు పోతుంది. అందుకని నీకు నిమ్మకాయలు."

"హమ్రానా?" అంది తుఫూల్, మిగతాదేదీ వినకుండా. "నన్ను ఇన్నేళ్ళూ కుడుతున్నది హమ్రానా?"

"దాని తల్లి, దాని అమ్మమ్మ కూడా. రక్త పరీక్షలో వేరే చెడు గుర్తులేమీ లేవు. మాత్రలిస్తా. మూడు రోజులు చూద్దాం. అప్పటికీ చిగుళ్ళు తగ్గకపోతే మాత్రం విమానం ఎక్కాల్సిందే."

ఆ మూడు రోజులూ తుఫూల్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. గంటకోసారి వేలితో చిగుళ్ళు తడిమి, వేలు వెలుతురులో పెట్టి చూసుకునేది. నిమ్మరసం తగిలితే చిగుళ్ళు భగ్గున మండేవి. డాక్టరును, నిమ్మచెట్టును, దాన్ని నాటినవాణ్ణి కలిపి తిడుతూ తాగేది. రెండో రోజుకు ఒంట్లో నీరసం పలచబడింది. మూడో రోజు పొద్దున రొట్టె కొరికి, రొట్టె వైపు చూసింది. తిప్పి మళ్ళీ చూసింది. పక్కమంచం మీది ఆవిడకు చూపించింది.

"నీ కళ్ళు మంచివి. ఎక్కడైనా ఎరుపు ఉందా?"

"లేదమ్మా, తెల్లగా ఉంది."

తుఫూల్ ఆ రొట్టె పట్టుకునే ఏడ్చింది, ఏడుస్తూనే తినేసింది. ఎన్నో నెలలుగా గుండె మీద కూర్చున్న రాయి దిగిపోయింది. బతుకుతున్నానన్న సంతోషం ఆవిడకు దాచుకోవడం చేతకాలేదు, దాచుకోవాలనీ అనిపించలేదు. ముసల్లం వచ్చేసరికి మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"ఒరేయ్, షమ్సాకు కబురు పంపు. ఆ మేక సంగతి క్షమించాననుకోవద్దని చెప్పు. అప్పుడంటే పోతున్నాననుకున్నా."

ముసల్లం గోడకు ఆనుకుని పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. వాడు ఎంత భయపడ్డాడో ఆ నవ్వులో తెలిసింది.

రెండు వారాలకు గాయం అంచులు కలిశాయి, మోకాళ్ళు వంగాయి. డాక్టరు నెలకు సరిపడా మాత్రలు, ఒక సంచి నిమ్మకాయలు ఇచ్చి పంపింది. దారి పొడుగునా ముసల్లం పాత పాటే అందుకున్నాడు, ఈసారి గొంతు గట్టిది.

"మాత్రలు నెలకే. నిమ్మకాయలు ఈ ఎండకు వారంలో రాళ్ళవుతాయి. నేను పదిరోజులకోసారి తప్ప రాలేను. మళ్ళీ టీ, రొట్టె. మళ్ళీ ఇదే కథ. అత్తా, ఈసారి నీ మాట వినను. రేపు పొద్దున మేకల్ని బండెక్కిస్తా, నువ్వు నాతో వస్తున్నావు."

వాడు చెప్పినదాంట్లో ఒక్క తప్పూ లేదు. తిట్టడానికి కూడా సందు లేదు. చావు తప్పించుకుని వచ్చింది గోడల మధ్య కుళాయి కింద కూర్చోవడానికా అనుకుంది తుఫూల్.

పొద్దున తెల్లవారగానే ముసల్లం టీ తాగి, పాలు పిండడానికి గిన్నె కోసం వెతికాడు. గిన్నె అక్కడ లేదు. బయటికి వచ్చి చూస్తే తుఫూల్ హమ్రా పక్కన ఉంది. దూడ తాగకుండా రాత్రి పొదుగుకు కట్టిన సంచి విప్పేసింది. దూడ రెండు గుక్కలు తాగాక దాన్ని పక్కకు తోసింది.

"అత్తా! ఏం చేస్తున్నావు?"

"అటు తిరుగు."

"అత్తా, మగవాళ్ళు పిండాల్సింది..."

"మగవాడు మట్టిలో ఉన్నాడు, ఇంకొకడు ట్యాంకరులో ఉంటాడు. అటు తిరగమన్నానా? చూడకపోతే నీకేం అంటదు."

ముసల్లం అటు తిరిగాడు. ఏం చేయాలో తోచక బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు, అద్దం శుభ్రంగానే ఉంది. వెనకనుంచి హమ్రా కాలు కదిపిన చప్పుడు, అత్త సన్నగా గొణిగిన మాటలు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆపైన గిన్నెలో పాలధార పడ్డ చప్పుడైంది. ఆగింది. మళ్ళీ పడింది. ఈసారి ఆగలేదు.

"ఇటు తిరుగు," అంది తుఫూల్.

గిన్నె సగం నిండింది. ఒంటికాలి మీద నిలబడి నిలబడి ఆవిడకు ఆయాసం వచ్చింది. గిన్నెను పెదాలకు ఆనించుకోలేదు, వాడి ముందుకు చాపింది. పిండినవాళ్ళు ముందు తాగకూడదు, ఇంకొకరి నోరు పడాలి. నలభై ఏళ్ళ పాటు బఖీత్ పిండిన గిన్నెలో మొదటి గుక్క తుఫూల్‌దే. ఇప్పుడు ముసల్లం ఆ గిన్నె అందుకుంటే ఆవిడ చేసినదానికి ఒప్పుకున్నట్టు. అందుకోకపోతే మేకలు బండెక్కుతాయి.

వాడు గిన్నె వైపు చూశాడు. ఆవిడ ముంజేతి మీద కొత్తగా కలిసిన చర్మం వైపు చూశాడు. రెండు చేతులతో గిన్నె అందుకుని తాగాడు.

"సగమేనా?" అన్నాడు మీసానికంటిన నురగ తుడుచుకుంటూ. "నాన్న నిండా పిండేవాడు."

"మొదటిరోజురా, వెధవా."

"మరి నేను లేని రోజుల్లో ముందు ఎవరు తాగుతారు?"

"దూడ తాగదూ? దానిది నోరు కాదా?"

ముసల్లంకు నవ్వాగలేదు. గిన్నె ఆవిడ చేతికిచ్చి, మేకల కోసం తెచ్చిన తాళ్ళు చుట్టి బండిలో పడేశాడు. తుఫూల్ గుడారం ముందున్న రాయి మీద కూర్చుని, గిన్నె పైకెత్తి, ఇంకా వెచ్చగా ఉన్న ఆ పాలు ఆపకుండా చివరి చుక్కదాకా తాగింది.